సుప్రీంకోర్టు దుబాసీ చూచిన హిందూదేశము

రైలుపట్టాలు పరవక మునుపు, తంతివార్తలు పుట్టక మునుపు, దేశమంతటను ఒకే రూపాయ చెలామణికి రాక మునుపు, ఇంచుమించు నూరుగురు పరివారముతో, పల్లకీలతో, డేరాలతో, కావళ్లతో చెన్నపట్టణము విడిచి, తిరుపతి, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగా ప్రయాగ కాశీ గయా క్షేత్రములను సేవించి, కలకత్తా చూచి, పూరీ జగన్నాథుని దర్శించి, తూర్పుతీరము వెంబడి మరల ఇల్లు చేరిన యొక తెలుగువాని దినచర్య మన భాషలో నిలిచియున్నది. ఆయన పేరు ఏనుగుల వీరాస్వామయ్య. గ్రంథము కాశీయాత్ర చరిత్ర. 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీ మంగళవారమునాడు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి ఆయన తిరిగివచ్చెను. అనగా 15 నెలల పైబడిన ప్రయాణము.

వీరాస్వామయ్య పండితుడుగా గాని కవిగా గాని పేరుపొందినవాడు కాడు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీ. సాక్షి తెలుగుననో అరవముననో పలికినదానిని దొరకు ఇంగ్లీషున వినిపించుట, దొర పలికినదానిని కక్షిదారునకు వాని భాషలో తెలియజెప్పుట, ఈ రెంటి నడుమ తన మాట ఒక్కటియు చేర్చకుండుట ఆయన వృత్తిధర్మము. ఈ పనిలో ఆరితేరిన మనిషి దేశాటనమునకు బయలుదేరినప్పుడు, చూచినదానిని చూచినట్లు, విన్నదానిని విన్నట్లు వ్రాయుటలో వింత లేదు. తన మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు దారిపొడవునను ఆయన వ్రాసి పంపినదే ఈ గ్రంథము. 1836లో వీరాస్వామయ్య గతించిన పిమ్మట, 1838లో పిళ్ల దానిని అచ్చువేయించెను.

పర్వతశోభను, నదీతరంగ వర్ణనమును ఆశించి ఈ పుస్తకమును తెరచువారికి నిరాశ తప్పదు. ఒక ఊరు వచ్చినదనగానే వీరాస్వామయ్య చూపు గోపురముకంటె ముందు చెరువుమీదను, బావిమీదను, అంగళ్లమీదను పడును. అచట నీరు మంచిదా, దిగుటకు చావడియో సత్రమో కలదా, డేరాలు వేయుటకు చోటున్నదా, బియ్యము పప్పు దొరకునా, బ్రాహ్మణుల యిండ్లున్నవా, తరువాతి మజిలీకి బాట రాతినేలయా, బురదయా అని విచారించి వ్రాసికొని గాని ముందుకు సాగడు. ఇట్టి వాక్యములే మరల మరల వచ్చుచుండుటచే విసుగు పుట్టునని కొందరందురు. నాకు మాత్రము ఆ పునరుక్తియే రుచించును. వెనుక వచ్చు యాత్రికుడు ఆకలితో దాహముతో తన ముందు నిలిచియున్నట్లు తలచి వ్రాసినవాడు గనుకనే ఆయన ఆ శ్రమకు ఓర్చెను. భాషయు అట్టిదే. గ్రాంథికమే రచనకు యోగ్యమని నమ్మిన కాలమున, కచేరీలలోను బజారులోను నలిగిన మాటలను, ఉర్దూ పదములను, ఇంగ్లీషు పదములను ఆయన సంకోచింపక వాడెను.

తిరుపతి దేవస్థానము నాటికి ఈస్టిండియా కుంఫిణీవారి యాజమాన్యమున నుండెను. దానిని హాథీరాంజీ మఠపు మహంతుల కప్పగించినది 1843లో. శ్రీశైలముపై అధికారము కందనూరు నవాబుది. అడవిదారిని నడచి, కొండమెట్లను ఎక్కి మల్లికార్జునుని సేవింపవచ్చిన భక్తునియొద్ద నవాబు మనుష్యులు సుంకము వసూలుచేయుచుండిరి. ఆ ధనము ఖజానాకు చేరుచుండెనే కాని దేవళమునకు ఒరిగినది స్వల్పము.

హైదరాబాదు ఆయనకు మిక్కిలి ఆశ్చర్యమును, కొంత భయమును కూడ కలిగించెను. నిజాము నాసిరుద్దౌలా సింహాసన మెక్కి అప్పటికి యేడాదియే. రాజ్యభారమంతయు పేష్కారు చందులాలు చేతిలో నుండెను. కత్తులు, బల్లెములు, తుపాకులు ధరించిన మనుష్యులు పట్టపగలు వీథులలో తిరుగుచుండుట, ఎవని బలము వానికే రక్షయై యుండుట, కోర్టు వ్యవహారములకు అలవాటుపడిన ఈ చెన్నపట్టణవాసికి ఏవగింపు గొలిపినది. హుసేనుసాగరమునకు ఆవలనున్న సికిందరాబాదు దండులో వీథులు తీరుగా నుండుట చూచి ఆయన మనస్సు కుదుటపడినది. కుంఫిణీ పాలనమునందు ఆయనకు విశ్వాసము మెండు. ఆ యుప్పు తిన్నవాడు గదా! ఆ పాలనము దేశమునుండి ఎంత ధనమును తరలించుకొనిపోవుచున్నదో విచారింపవలెనన్న చింత ఆయనకంత కలుగలేదు. ఆయన సాక్ష్యమును మనము తీసికొనునపుడు ఈ మొగ్గును తగ్గించి తూచుకొనవలయును.

వానకాలమున గోదావరి దాటి, నిర్మల అడవులు గడచి, నాగపురము, రామటేకు, జబ్బల్పూరు మీదుగా ఉత్తరమునకు పోవు దారి గ్రంథమున అత్యంత కఠినమైన భాగము. ఆ 1830లోనే జబ్బల్పూరు, సాగరు ప్రాంతములయందు కుంఫిణీ అధికారి స్లీమను దొర, బాటసారులను చంపి దోచు ఠగ్గులను వేటాడుచుండెను. యాత్రికులు ఒంటరిగా పోక గుంపుకట్టి పోవుటకు గల కారణమును వేరుగ చెప్పనక్కరలేదు.

దొంగలకంటె నిత్యము బాధించినది నాణెము. చెన్నపట్టణపు రూపాయ నిజాము రాజ్యమున చెల్లదు. అచటి రూపాయ నాగపురమున వట్టము లేకుండ మారదు. గంగాతీరమున ఫరక్కాబాదు రూపాయ, వంగదేశమున సిక్కా రూపాయ. సరిహద్దు దాటినపుడెల్ల షరాబు అంగడిముందు నిలిచి కొంత సొమ్ము పోగొట్టుకొనక తప్పదు. తూకములు వేరు, కొలతలు వేరు. వీరాస్వామయ్య వీనినన్నిటిని లెక్కకట్టి వ్రాసెను. దేశమెంత విశాలమో, ఎన్ని ముక్కలై యుండెనో ఈ మారకపు లెక్కలవలన తెలిసినంతగా పటములవలన తెలియదు. కుంఫిణీ రాజ్యమంతటికి ఒకే రూపాయ నేర్పరచిన చట్టము 1835లో వచ్చెను. అప్పటికి ఆయన తిరిగివచ్చి నాలుగేండ్లు.

ప్రయాగలో, గయలో, పూరీలో యాత్రికులపై పన్ను వేయుచుండినది స్వయముగ కుంఫిణీవారే. 1840లో గాని అది తొలగలేదు. త్రివేణీస్నానమునకు చీటి పుచ్చుకొనవలయును; ఆపై ప్రయాగలో పండాలు, కాశిలో గంగాపుత్రులు, గయలో గయావళులు. గయావళి నోట సుఫలమను మాట వెడలనిదే పితృకార్యము ముగిసినట్లు కాదు; ఆ మాట వెడలుటకు బేరము సాగవలయును. భక్తికి లోటులేని వీరాస్వామయ్య ఈ బేరములను దాచలేదు. కాశిలో ఇరుకైన సందులు, ఇరువైపుల ఎత్తైన మేడలు, 18వ శతాబ్ది చివర ఇందూరు రాణి అహల్యాబాయి కట్టించిన విశ్వేశ్వరాలయము. గయలో విష్ణుపాదమందిరము సైతము ఆమె కట్టించినదే. ఉత్తరాది బ్రాహ్మణులైన పంచగౌడులకు, దక్షిణాది బ్రాహ్మణులైన పంచద్రావిడులకు ఆహారమునను ఆచారమునను గల భేదములను ఆయన ఓపికతో గమనించెను. గంగాతీరపు బ్రాహ్మణుని అలవాట్లు కొన్ని ఆయనకు మింగుడుపడలేదు గాని, దేశాచారము దేశమునకు చెల్లునని ఊరకుండెను.

గంగమీద పడవలలో సాగిన ప్రయాణము పల్లకీ కుదుపులకు విరామ మొసగినది. కలకత్తానుండి కటకము, పూరీ, గంజాము మీదుగా తెలుగుసీమకు వచ్చు దారి తెలిసిన దారియే. శ్రీకూర్మము, సింహాచలము, రాజమహేంద్రవరములను సేవించి, ఇల్లు తలపునకు వచ్చినవానివలె వడివడిగ చెన్నపట్టణము చేరెను.

ఇంత దూరము ఆ పల్లకిని మోసిన బోయీలు, కావళ్లెత్తినవారు తమ దినచర్యను వ్రాసికొనలేదు. వర్షములో నిర్మల కనుమ ఎక్కినపుడు వారి భుజములకు దేశమెట్లు తోచెనో మనకు దక్కలేదు.

1856 జూలైలో చెన్నపట్టణము రాయపురమునుండి తొలి రైలు వాలాజా వైపునకు కదలెను. 1867లో అలహాబాదునుండి జబ్బల్పూరునకు ఇనుపదారి పడినది. వీరాస్వామయ్య గ్రంథము రెండవమారు అచ్చుపడినది 1869లో. మరుసటి యేడు మార్చిలో బొంబాయినుండి వచ్చు పట్టాలును జబ్బల్పూరున కలిసికొనెను. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు శ్రమించి మూడవ ముద్రణము వెలువరించునాటికి, ఏ మజిలీలో మంచినీరు దొరకునో తెలిసికొని కాశికి పోవలసినవా రెవ్వరును మిగులలేదు. చరిత్రకారులకే ఆ పుస్తకము కావలసి యుండెను.