సరిహద్దు పాట: నారాయణపేట బుర్రవీణ – వారసత్వం, పునరుద్ధరణ

మౌఖిక గాన సంప్రదాయాల చరిత్రకు లిఖిత ఆధారాలు స్వల్పం. పాడే గొంతు, మీటే చేయి, వినే ఊరు అనే మూడింటిలో ఏది లోపించినా ఆ సంప్రదాయం క్షీణిస్తుంది. నారాయణపేట ప్రాంతపు బుర్రవీణ చరిత్ర ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది.

వెదురు దండెకు ఎండిన సొరకాయ బుర్రలు అమర్చి, లోహపు తీగలు బిగిస్తే బుర్రవీణ తయారవుతుంది. నాదాన్ని పెంచే బుర్ర వల్లనే దీనికి ఆ పేరు వచ్చింది. దీనికి దగ్గరి వాద్యమైన కిన్నెర సాహిత్యంలో ప్రాచీనమైనది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కిన్నెర బ్రహ్మయ్య కథను చెప్పాడు. కిన్నెరతో శివుని కొలిచిన ఈ భక్తుడు తెలుగు, కన్నడ వీరశైవ సంప్రదాయాలు రెండింటికీ చెందినవాడు.

ఈ ఉమ్మడితనం నారాయణపేట సీమలో పాటగా నిలిచింది. 1956 వరకు మహబూబ్‌నగర్, గుల్బర్గా, రాయచూరు జిల్లాలు హైదరాబాద్ రాష్ట్రంలోనివే. ఆ ఏడాది నవంబరు 1న జరిగిన పునర్విభజనలో గుల్బర్గా, రాయచూరు మైసూరు రాష్ట్రంలో చేరాయి. గుల్బర్గాలోని కొడంగల్, రాయచూరులోని గద్వాల, ఆలంపూర్ తాలూకాలు మాత్రం మహబూబ్‌నగర్‌లో కలిశాయి. భాష ప్రాతిపదికన గీసిన ఈ హద్దు పాటను విభజించలేదు. దామరగిద్దకు చెందిన మూడో తరం కళాకారుడు దాసరి కొండప్ప తత్వాలను, భక్తిగీతాలను రెండు భాషల్లోనూ పాడతారు.

2023లో విడుదలైన బలగం చిత్రంలో ఆయన పాట వినిపించింది. 2024లో పద్మశ్రీ లభించింది. పాత మహబూబ్‌నగర్ జిల్లాకే చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లోనే ఆ పురస్కారం దక్కింది. ఈ గౌరవాలు వ్యక్తులకు అందినవి. వాద్యం తయారీ, పాటల సంపద, పాడే పద్ధతి తర్వాతి తరానికి చేరడం వేరొక ప్రశ్న. ఇంటి విద్యగా సాగిన కళకు ఇంటిలో వారసుడు లేకపోతే దారి మూసుకుపోతుంది.

దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆక్సితాన్ భాష ఇక్కడ పోలికకు వస్తుంది. మార్సెయి నగరంలో 2001లో మనూ తెరోన్ నెలకొల్పిన ‘లో కోర్ దె లా ప్లానా’ బృందం చప్పట్లు, చర్మవాద్యాల దరువుతో ఆ భాషలో బహుస్వర గానం చేస్తుంది. అక్కడ గాయకులను కలిపింది సామూహిక సాధన. బుర్రవీణ ఏకగాత్ర సంప్రదాయం కనుక ఆ రూపాన్ని అనుకరించనక్కరలేదు. నేర్చుకునేవారి బృందాన్ని ఏర్పరచే పద్ధతిని స్వీకరించవచ్చు.

కనుక రికార్డు చేసి భద్రపరచడంతోనే పునరుద్ధరణ పూర్తి కాదు. రెండు భాషల పాఠాలను కలిపి సేకరించడం, వాద్య నిర్మాణాన్ని నేర్పడం, కులవృత్తి పరిధిని దాటి శిష్యులను తీర్చిదిద్దడం అవసరం. కన్నడ పాటలను విడిచి తెలుగు పాటలనే సేకరిస్తే, ఈ సీమ చరిత్రలో సగం మాత్రమే మిగులుతుంది.