తామర పురుగులు: వర్గీకరణ, ప్రపంచ విస్తృతి, పావగడ వేరుశనగ

తామర పురుగులు థైసనోప్టెరా క్రమానికి చెందిన అతి చిన్న కీటకాలు. ఎక్కువ జాతుల పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లు, అంటే బియ్యపు నూకలో సగం. రెక్కలు సన్నని పుల్లల్లా ఉండి, అంచుల వెంట పొడవాటి వెంట్రుకల కుచ్చు ఉంటుంది. నోటిలో ఎడమ దవడ ఒక్కటే ఉంటుంది. కుడిది గుడ్డులోనే కరిగిపోతుంది. ఆ ఒక్క దవడతో ఆకు పైపొరను పొడిచి, సూదుల్లాంటి భాగాలతో కణరసాన్ని పీలుస్తాయి. ప్రపంచంలో ఇప్పటికి ఆరు వేలకు పైగా జాతులకు పేర్లు పెట్టారు. వాటిలో భారతదేశంలో నమోదైనవి ఏడు వందలు దాటాయి. వీటన్నిటినీ చీడలనుకోవడం పొరపాటు. పంటలకు గట్టిగా నష్టం చేసేవి నూటికి రెండు మూడు మించవు. సగానికి దగ్గరగా ఉన్న జాతులు బూజు తిని బతుకుతాయి. కొన్ని నల్లినీ, తోటి తామర పురుగులనూ తింటాయి.

పావగడ తాలూకా కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఉన్నా మూడు వైపులా దాన్ని చుట్టుకొని ఉన్నది ఆంధ్రప్రదేశ్. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం ప్రాంతాలతో కలిసిన ఎర్రనేల, వాన మీద ఆధారపడిన వేరుశనగ, ఊళ్ళలో తెలుగు. పురుగుల లెక్కలో ఈ తాలూకాను తుమకూరుతో కాక పాత అనంతపురం జిల్లాతో కలిపి చూడాలి.

వర్గీకరణ

1758లో లిన్నేయస్ 'థ్రిప్స్' అనే ప్రజాతిని ఏర్పరిచాడు. 1836లో హాలిడే వీటిని ప్రత్యేక క్రమంగా విడదీశాడు. క్రమంలో రెండు ఉపక్రమాలు ఉన్నాయి. టెరిబ్రాన్షియాలో ఆడ పురుగుకు రంపం లాంటి గుడ్లు పెట్టే అవయవం ఉంటుంది. ఆకు కణజాలాన్ని కోసి గుడ్డును లోపల దాస్తుంది కాబట్టి పైన చల్లిన మందు ఆ గుడ్డును అందుకోవడం కష్టం. ట్యూబులిఫెరాలో పొట్ట చివరి ఖండం గొట్టంలా ఉంటుంది, గుడ్లు పైపైనే పెడతాయి. పిల్లదశలు రెండిట్లోనూ రెండే. ఆ తరవాత కదలికలేని దశలు టెరిబ్రాన్షియాలో రెండు, ట్యూబులిఫెరాలో మూడు.

ట్యూబులిఫెరాలో ఫ్లీయోథ్రిపిడే అనే ఒకే కుటుంబం ఉంది, కానీ క్రమంలోని జాతుల్లో సగానికి పైగా అందులోనివే. కర్ణాటక పడమటి కొండల్లో మిరియపు తీగ ఆకు అంచులను ముడిచి బుడిపెలు కట్టే లియోథ్రిప్స్ కార్నీ ఈ కుటుంబానిదే. పావగడ వంటి మెట్టనేల రైతుకు ఈ కుటుంబంతో పెద్దగా పని పడదు.

టెరిబ్రాన్షియాలో ఎనిమిది కుటుంబాలున్నా రైతుకు ఎదురయ్యేది దాదాపు ఒక్కటే, రెండు వేలకు పైగా జాతులున్న థ్రిపిడే. రెక్కల మీద పట్టీలుండే ఈయోలోథ్రిపిడే కుటుంబంలో చాలావరకు వేటాడే పురుగులు. యుజెలోథ్రిపిడేకు ఇప్పుడు బతికున్నది ఒకే ఒక జాతి. అది బ్రెజిల్, సింగపూర్, ఆస్ట్రేలియాలలో దొరికింది.

భారతదేశపు తామర పురుగుల అధ్యయనానికి పునాది దక్షిణాదిలోనే పడింది. ఇరవయ్యో శతాబ్దం తొలి భాగంలో కోయంబత్తూరులో టి.వి. రామకృష్ణ అయ్యర్, ఆ తరవాత చెన్నై లయోలా కళాశాలలో టి.ఎన్. అనంతకృష్ణన్ ఈ పని చేశారు. ప్రపంచ స్థాయిలో లారెన్స్ మౌండ్ చేసిన సవరణలే ఈనాటి వర్గీకరణకు ఆధారం.

వేరుశనగ చేలో

ఈ సీమ వేరుశనగ మీద బతికే తామర పురుగులు ముఖ్యంగా ఐదు. సిర్టోథ్రిప్స్ డోర్సాలిస్ లేత ఆకుల మడతల్లో ఉంటుంది, మిరపలో పై ముడత తెచ్చేదీ ఇదే. థ్రిప్స్ పామీ మొవ్వులోనూ, ఫ్రాంక్లినియెల్లా షుల్ట్‌జీ, మెగాల్యూరోథ్రిప్స్ ఉసిటాటస్ పూలలోనూ, నల్లటి కాలియోథ్రిప్స్ ఇండికస్ ముదురు ఆకుల మీదా కనిపిస్తాయి. పీల్చడం వల్ల ఆకు మీద తెల్లటి చారలు పడతాయి, వాన పడితే మొక్క కోలుకుంటుంది. అసలు ప్రమాదం పురుగు మోసుకొచ్చే వైరస్‌తో వస్తుంది. ఏ వైరస్ ఎవరి ద్వారా వస్తుందో తెలియాలంటే పురుగు పేరు సరిగ్గా తెలియాలి.

మొవ్వు కుళ్ళు తెగులు చరిత్ర దీనికి మంచి నిదర్శనం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1979లో దీనికి కారణం టొమాటో స్పాటెడ్ విల్ట్ వైరస్ అని ప్రకటించారు. వాహకాలు డోర్సాలిస్, షుల్ట్‌జీ అని 1981లో రాశారు. 1992లో ఆ వైరస్ వేరని తేలింది. దానికి వేరుశనగ మొవ్వు కుళ్ళు వైరస్ అని పేరు పెట్టారు. అసలు వాహకం థ్రిప్స్ పామీ అని ఆ దశాబ్దంలోనే నిర్ధారణ అయింది. పసుపు రంగు పురుగును చేలో కంటితో చూసి పేరు చెప్పడం ఎంత కష్టమో దీన్నిబట్టి ఊహించవచ్చు. పామీకి మీసాల్లో ఏడు ఖండాలు, డోర్సాలిస్‌కు ఎనిమిది. ఉల్లిలో ఉండే థ్రిప్స్ టబాసికి కూడా ఏడే, అయితే దాని నడినెత్తిన ఉండే చిన్న కళ్ళు బూడిద రంగు, పామీవి ఎరుపు. ఇవన్నీ సూక్ష్మదర్శిని కింద గాజుపలక మీద మాత్రమే తేలే సంగతులు.

మొవ్వు కుళ్ళు వైరస్‌ను పురుగు పిల్లదశలోనే ఒంట్లోకి తీసుకోవాలి. పెద్దదయ్యాక పీల్చినా అంటించలేదు. పిల్లగా తీసుకున్నదైతే వైరస్ దాని ఒంట్లోనే పెరిగి, బతికినన్నాళ్ళూ కొత్త మొక్కలకు అంటుతుంది.

2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాను ఊపేసిన కాండం కుళ్ళు తెగులు దారి వేరు. దాదాపు 2.25 లక్షల హెక్టార్లలో మొక్కలు కాండం నల్లబడి చచ్చాయి. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. మొదట మొవ్వు కుళ్ళు అనే అనుకున్నారు. పరీక్షలో టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేలింది. ఇది పురుగు ఒంట్లో పెరగదు, పుప్పొడిలో ఉంటుంది. వయ్యారిభామ కలుపు మొక్కకు ఈ వైరస్ సోకినా పైకి ఏ లక్షణమూ కనిపించదు. దాని పుప్పొడి ఒంటికి అంటించుకున్న తామర పురుగు వేరుశనగ ఆకును పొడిచినప్పుడు ఆ గాయంలోంచి వైరస్ లోపలికి వెళ్తుంది. మెగాల్యూరోథ్రిప్స్, షుల్ట్‌జీ, డోర్సాలిస్ మూడూ ఈ పని చేయగలవు, కాబట్టి ఇక్కడ పురుగు పేరు కంటే గట్టు మీది కలుపుకే ప్రాధాన్యం. ఇదే వైరస్ పొద్దుతిరుగుడులో తెచ్చే తెగులును 1997లో మొదట గుర్తించిన చోటు అప్పటి కోలారు జిల్లాలోని బాగేపల్లి. అదీ పావగడ లాగే సరిహద్దున ఉన్న తెలుగు తాలూకా.

అందుకే కాండం కుళ్ళు తెగులుకు సిఫారసు చేసే పద్ధతుల్లో వయ్యారిభామను పూత రాకముందే పీకడం, చేను చుట్టూ నాలుగు వరుసల జొన్న గానీ సజ్జ గానీ విత్తడం, ఇమిడాక్లోప్రిడ్‌తో విత్తనశుద్ధి ఉంటాయి. కలుపు పీకే పని ఒక్కరి చేలో చేస్తే చాలదు. దారి పక్కన, బీడులో, ఊరి చెరువు కట్ట మీద పూసిన వయ్యారిభామ నుంచి పుప్పొడి గాలిలో కూడా వస్తుంది.

ప్రపంచ విస్తృతి

అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ తామర పురుగులు ఉన్నాయి. ఉష్ణమండలంలో జాతుల సంఖ్య ఎక్కువ. సహజ విస్తృతికి మాత్రం హద్దులు స్పష్టంగా ఉండేవి. హెటెరోథ్రిపిడే కుటుంబం అమెరికా ఖండాలను దాటలేదు. ఫ్రాంక్లినియెల్లా ప్రజాతిలో అత్యధిక జాతులు మధ్య, దక్షిణ అమెరికాలవే. థ్రిప్స్ ప్రజాతికి దక్షిణ అమెరికాలో సొంత జాతే లేదు. ఈ లెక్కన పావగడ చేలో పామీ, షుల్ట్‌జీ పక్కపక్కన ఉండడం ప్రకృతి చేసిన ఏర్పాటు కాదు. షుల్ట్‌జీ పుట్టిల్లు దక్షిణ అమెరికా అని పరిశోధకుల అభిప్రాయం, అయినా దానికి పేరు పెట్టింది ఆఫ్రికాలో దొరికిన నమూనాలతో.

మిగతా ప్రయాణాలు వ్యాపారం చేయించినవే. పామీని 1925లో కార్నీ సుమత్రా పొగాకు మీది నమూనాలతో వర్ణించాడు. 1978లో అది జపాన్‌లో, 1980ల మధ్యలో కరీబియన్ దీవుల్లో, 1990 ప్రాంతంలో ఫ్లోరిడాలో కనిపించింది. కోయంబత్తూరు ఆముదం, మిరప మీది నమూనాలతో 1919లో హుడ్ పేరు పెట్టిన డోర్సాలిస్ కూడా 2005లో ఫ్లోరిడా చేరింది. ఎదురు దిశలో వచ్చింది థ్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియాకు చెందిన ఈ నల్లటి పురుగు 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద నమోదైంది. 2021లో గుంటూరు, ఖమ్మం మిరప పూలను రాల్చి రైతులను కుదేలు చేసింది.

జాతుల లెక్క ఇంకా కుదుటపడలేదు. సిర్టోథ్రిప్స్ డోర్సాలిస్ ఒకే జాతి కాదనీ, పైకి ఒకేలా కనిపించే తొమ్మిది జాతులైనా ఆ పేరు కింద దాగి ఉన్నాయనీ 2015లో డీఎన్‌ఏ పరిశోధనలు చూపాయి. వాటిలో ఏది ఏ వైరస్‌ను మోస్తుందో విడివిడిగా పరీక్షించాల్సి ఉంటుంది.