రెండెకరాల కోరిక: ఉప్పల్ దారిలో పేదల భూమి, హక్కు (1949–2007)

కీలక పదాలు: రక్షిత కౌలుదారు, భూదానం, అసైన్డ్ భూమి, సాదాబైనామా, పోచంపల్లి, రామంతాపూర్

ఉపోద్ఘాతం

హైదరాబాద్ నుంచి అంబర్‌పేట, రామంతాపూర్, ఉప్పల్, ఘట్‌కేసర్ మీదుగా వరంగల్‌కు పోయే దారి తెలంగాణ భూచరిత్రలో రెండు ఘట్టాలకు సాక్షి. ఆ దారికి దక్షిణాన, బీబీనగర్‌కు ఆవల, భూదానోద్యమం పుట్టిన పోచంపల్లి ఉంది. నగరం కొసన, చెరువుల పేర్లను మాత్రం మిగుల్చుకొని నగరవాడగా మారిన రామంతాపూర్ ఉంది. కొద్దిపాటి భూమి సంపాదించి, ఇల్లు కట్టుకొని, దానిమీదే కుటుంబాన్ని పోషించుకోవాలన్న నిరుపేద కోరిక ఈ ప్రాంతంలో ఏయే మార్గాల్లో నెరవేరింది, ఎక్కడ భంగపడింది అన్నది ఈ వ్యాసంలోని పరిశీలనాంశం. భూమి పేదకు అందడంలో ధర ఎంత ముఖ్యమో, అందిన భూమి నిలవడంలో హక్కు స్వభావం అంతకంటే ముఖ్యమని ఇందులోని ప్రతిపాదన.

కౌలు నుంచి కొనుగోలుకు

ఆసఫ్‌జాహీ పాలనలో దివానీ భూములతో పాటు జాగీర్లు, సంస్థానాలు, నిజాం సొంత ఆదాయానికి ప్రత్యేకించిన సర్ఫ్-ఎ-ఖాస్ భూములు ఉండేవి. నగరాన్ని చుట్టి ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా సర్ఫ్-ఎ-ఖాస్ ఇలాకాలోనిది. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ దివానీలో విలీనమైంది. అదే ఏడాది జాగీర్లు రద్దయ్యాయి. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించి, సహేతుకమైన ధరకు తాము దున్నే భూమిని కొనుక్కొనే అవకాశం కల్పించింది. చిన్న రైతుకు చౌకగా భూమి దొరకడానికి చట్టం తెరిచిన తొలి ద్వారాల్లో ఇదొకటి. అయితే ఆ ద్వారం గుండా పోవాలంటే రిజిస్టరులో పేరుండాలి. నోటిమాట మీద కౌలు చేసినవారికి ఆ ఆధారం లేదు. పేరు నమోదైనవారిలోనూ ఎందరో చట్టవిరుద్ధంగా తొలగింపునకు గురికావడం, మరెందరో ‘స్వచ్ఛందంగా’ భూమి వదులుకోవడం జరిగిందని ఎ. ఎం. ఖుస్రో 1958లో వెలువరించిన అధ్యయనం తేటతెల్లం చేసింది.

పోచంపల్లి అడిగిన కొలత

సాయుధ పోరాటం ఇంకా ముగియని 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లి చేరుకొన్నారు. అక్కడి దళిత కుటుంబాలు ఆయనను అడిగినది 80 ఎకరాలు. కుటుంబాలు 40 కనుక ఒక్కొక్క కుటుంబానికి వచ్చేది రెండెకరాలు. అందులో సగం తరి, సగం ఖుష్కి. ఈ లెక్కలో ఒక జీవన ప్రణాళిక ఇమిడి ఉంది. తరి తిండిగింజలకు, ఖుష్కి జొన్నకూ పశువుల మేతకూ ఆసరా. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ముందుకు వచ్చారు. ఆ తెలంగాణ పాదయాత్ర ముగిసేసరికి వినోబాకు సుమారు 12 వేల ఎకరాలు దానంగా లభించాయి. ఇక్కడ భూమికి ధర లేదు. కాని దానపత్రానికీ పట్టాకూ నడుమ సర్వే, హద్దులు, పంపిణీ, రికార్డుల నమోదు అనే సుదీర్ఘ ప్రక్రియ మిగిలే ఉంది.

అమ్ముకోరాని పట్టా

1965 నాటి ఆంధ్రప్రదేశ్ భూదాన, గ్రామదాన చట్టం, 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ఒకే సూత్రాన్ని పాటించాయి: పేదకిచ్చిన భూమి వారసులకు చెందవచ్చు, పరులకు అమ్మరాదు. రెండున్నర ఎకరాల తరికి లేదా ఐదెకరాల ఖుష్కికి మించి లేనివారిని 1977 చట్టం నిరుపేదలుగా నిర్వచించింది. అమెరికాలో 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం దీనికి భిన్నమైన దారి పట్టింది. ఆదివాసీ జాతులను తొలగించి తీసుకొన్న నేలలో 160 ఎకరాలు కేటాయించి, ఐదేళ్లు నివసించి సాగు చేసినవారికి అమ్ముకొనే స్వేచ్ఛతో సహా సంపూర్ణ హక్కు ఇచ్చింది.

తెలంగాణలో నిషేధం ఉద్దేశం రక్షణే. అయినా జబ్బు చేసినప్పుడో పెళ్లి ఖర్చు ముంచుకొచ్చినప్పుడో ఆ పట్టాదారుకు చట్టబద్ధమైన అమ్మకం మూసిన తలుపే. ఫలితంగా భూమి తెల్లకాగితం మీద, అసలు విలువకు ఎంతో తక్కువకు చేతులు మారింది. తక్కువ ధరకు భూమి వెతుక్కొనే మరో పేదకూ ఆ సాదాబైనామాయే దిక్కయింది. అమ్మినవాడు భూమి పోగొట్టుకొన్నాడు. కొన్నవాడికి హక్కు దక్కలేదు.

ఎకరం నుంచి గజానికి

నగరం తూర్పుకు విస్తరించే కొద్దీ ఈ బలహీనత బయటపడింది. 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ రోడ్డున నెలకొంది. ఉప్పల్, నాచారంలలో పారిశ్రామికవాడలు వెలిశాయి. 2007లో ఉప్పల్ పురపాలక సంఘం గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోయింది. రామంతాపూర్‌లో పెద్దచెరువు, చిన్నచెరువు అన్న పేర్లు పూర్వపు సాగుకు ఆనవాళ్లుగా మిగిలాయి. ఎకరాలు, గుంటల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది. ఎకరానికి 4,840 గజాలు. పోచంపల్లిలో ఒక కుటుంబం కోరిన రెండెకరాలు 9,680 గజాలు. కొలమానం మారడంతో అదే నేల పంటకు కాక ప్లాటుకు విలువ కట్టించుకొంది. అటువంటి చోట అమ్ముకోరాని పట్టా ఉన్న పేదకు ఆ విలువలో వాటా దక్కడం దుర్లభం.

ముగింపు

ఈ దారి వెంట సాగుభూమి కోసం అన్వేషించేవారు నేటికీ ముందుగా తిరగేసేది సేత్వార్‌ను, 1954–55 నాటి ఖాస్రా పహాణీని. కౌలుదారు పేరు, దానపు గుర్తు, అసైన్‌మెంటు షరతు ఆ కాగితాల్లోనే బయటపడతాయి. పేదకు భూమి పంచిన ప్రతి చట్టమూ ఎకరాల లెక్క చెప్పింది. పంచిన భూమి ఆ కుటుంబం చేతిలో ఎన్నేళ్లు నిలిచిందన్న లెక్కను గ్రామాలవారీగా తీసినప్పుడే తెలంగాణ భూసంస్కరణల అసలు ఫలితం తేలుతుంది.