చప్పుడు పట్టే పని

హైదరాబాద్‌లో బళ్ల పనికి పాత చరిత్రే ఉంది. 1932లో నిజాం సర్కారు 27 ఆల్బియన్ బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. 1942లో పుట్టిన ఆల్విన్ కంపెనీ తర్వాత బస్సులకు బాడీలు కట్టింది. 1980లలో నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీలు చేసింది. ఆ విభాగం తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది.

అలాంటి చిన్న లారీలు ముసలివై చార్మినార్ చుట్టూ గల్లీల్లో సరుకు మోసేవి: మీర్ ఆలం మండీకి కూరగాయలు, లాడ్ బజార్‌కు గాజుల పెట్టెలు. వాటిని బాగుచేసే మా ఉస్తాద్ నాకు ముందు నేర్పింది ఇంజను పని కాదు, డ్యాష్‌బోర్డు చప్పుడు పట్టడం.

ఆయన బండి నడిపిస్తుంటే నేను పక్కన కూర్చుని అరచేత్తో బోర్డును ఒక్కోచోట అదిమేవాణ్ని. ఎక్కడ అదిమితే చప్పుడు ఆగుతుందో అక్కడే రోగం. కిర్రుమంటే రెండు ప్లాస్టిక్ అంచులు రాసుకుంటున్నట్టు. మధ్యలో ఫెల్టు పట్టీ అతికిస్తే చాలు. కటకటలాడితే స్క్రూ వదులైనట్టు, లేదా వెనక వైర్ల కట్ట రేకుకు కొట్టుకుంటున్నట్టు. దానికి పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టేవాళ్లం. మన ఎండకు ప్లాస్టిక్ వంగుతుంది, స్పాంజి పొడై రాలుతుంది. అందుకే స్క్రూ బిగించి ఊరుకుంటే చప్పుడు మళ్లీ మొదలవుతుంది. రోజంతా ఆ మోత వినే డ్రైవరు తల ఏమవుతుందో ఉస్తాద్‌కు తెలుసు. ఈ పనిని చిన్నదనేవాళ్లంటే నాకు కోపం.

ఇప్పటి పికప్పుల్లో చాలాచోట్ల స్క్రూల బదులు క్లిప్పులున్నాయి. విప్పితే కొన్ని విరుగుతాయి. కొత్తవి చేతిలో లేకుండా బోర్డు మీద చెయ్యి వెయ్యొద్దని మా కుర్రాళ్లకు గట్టిగా చెబుతాను.