సాక్షి: చూసినవాడా, లెక్క కట్టినవాడా?

బోర్డుల మీద కన్నడం, నోట తెలుగు ఉండే మిట్టేమరి వైపు ‘సాక్షి’ మాటకు తర్జుమా అక్కర్లేదు. బాగేపల్లి కోర్టుదాకా అదే మాట. దీన్ని ‘స, అక్షి’ అని విడదీసి కళ్లున్నవాడని చెప్పేవాళ్లున్నారు. పాణిని మాత్రం ‘సాక్షాత్’ నుంచి రప్పించాడు: స్వయంగా చూసినవాడు.

మరి ఏమీ చూడనివాడు బోనెక్కడమేమిటి? అన్నదమ్ములు కలిసి నడిపిన ఎరువుల అంగడి పంపకానికి వచ్చిందనుకోండి. బస్తాలు లెక్కపెట్టొచ్చు. రైతుల బాకీలు ఖాతా పుస్తకంలో ఉంటాయి, కానీ వసూలయ్యేవి ఎన్ని? అంగడికున్న పేరుకు వెలెంత? వేరే ఒప్పందం లేకపోతే 1932 భాగస్వామ్య చట్టం ఆ గుడ్‌విల్‌నూ సంస్థ ఆస్తిగానే చూస్తుంది. మదింపు చేసేవాడు కొన్నేళ్ల లాభాలు తీసి, అన్న జీతం లేకుండా కూర్చున్న రోజులకు కూలి తగ్గించి, మిగిలినదాన్ని బట్టి వెల కడతాడు. తమ్ముడు తెచ్చిన నిపుణుడు ఇంకో అంకె చెబుతాడు. అందులో వింతేమీ లేదు, ఫీజు ఎవరిచ్చారో కూడా చూడాలి కదా!

1872 సాక్ష్య చట్టం 45వ సెక్షన్ విదేశీ చట్టం, శాస్త్రం, కళ, చేతిరాత, వేలిముద్రల మీద నిపుణుల అభిప్రాయాన్ని ఒప్పుకుంది. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 39వ సెక్షన్ ‘మరే రంగమైనా’ అని చేర్చింది. అయినా జడ్జి ఆ అభిప్రాయానికి కట్టుబడనక్కర్లేదు. అంకె ఎలా వచ్చిందో క్రాస్ ఎగ్జామినేషన్‌లో చెప్పలేని నిపుణుడి మాట నిలవదు.