పగ తీరిందా, పెరిగిందా? 'ఐ సా ద డెవిల్' చూసినోళ్లు రెండుగా ఎందుకు చీలిపోతారు?

కొరియన్ రివెంజ్ థ్రిల్లర్ అనగానే సినిమా పిచ్చి ఉన్నోళ్ల నోట రెండు పేర్లు ముందుగా వస్తాయి. ఒకటి 2003లో వచ్చిన 'ఓల్డ్‌బాయ్', ఇంకోటి 2010లో వచ్చిన 'ఐ సా ద డెవిల్'. మొదటిదాన్ని చూసినోళ్లు క్లైమాక్స్ ట్విస్ట్ గురించి మాట్లాడతారు. రెండోది చూసినోళ్లు మాత్రం కొట్టుకున్నంత పని చేస్తారు. ఇంతకంటే గొప్ప రివెంజ్ సినిమా లేదని కొందరంటే, సగంలోనే ఫోన్ పక్కన పడేశామని ఇంకొందరంటారు.

ఇంతకీ ఈ సినిమాలో ఏముంది? మనోళ్లకు ఎక్కడ నచ్చింది, ఎక్కడ మింగుడు పడలేదు? దేవరకొండ కోటకూ ఈ కథకూ సంబంధమేంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

సినిమా వివరాలు

దర్శకుడు: కిమ్ జీ-వూన్
హీరో: లీ బ్యుంగ్-హున్ ('స్క్విడ్ గేమ్'లో నల్ల మాస్క్ వేసుకున్న ఫ్రంట్ మ్యాన్ ఈయనే)
విలన్: చోయ్ మిన్-సిక్ ('ఓల్డ్‌బాయ్' హీరో)
కొరియాలో విడుదల: 2010 ఆగస్టు 12
నిడివి: దాదాపు 2 గంటల 20 నిమిషాలు
ఎవరి కోసం: పెద్దలకు మాత్రమే

విడుదలకు ముందే ఈ సినిమాకు కష్టాలొచ్చాయి. హింస మరీ ఎక్కువగా ఉందని కొరియా రేటింగ్ బోర్డు రెండుసార్లు మామూలు థియేటర్లలో ఆడనివ్వని రేటింగ్ ఇచ్చింది. దాదాపు నిమిషంన్నర సీన్లు కత్తిరించాకే రిలీజ్‌కు దారి దొరికింది. కాబట్టి మీరు చూసిన వెర్షన్‌లో ఒక సీన్ లేదని మీ దోస్తు అంటే, ఇద్దరూ కరెక్టే అయి ఉండొచ్చు.

కథేంటి? (స్పాయిలర్స్ ఉన్నాయి)

సినిమా చూడకపోతే ఈ ముక్క వదిలేసి కిందికి వెళ్లండి.

మంచు కురుస్తున్న రాత్రి ఓ యువతి కారు టైరు పంక్చరై రోడ్డు మీద ఆగిపోతుంది. సాయం చేస్తానంటూ ఓ వ్యాన్ డ్రైవర్ వస్తాడు. ట్యూషన్ సెంటర్‌కు పిల్లల్ని చేరవేసే వ్యాన్ అది. వాడే హంతకుడు. చనిపోయిన అమ్మాయి ఓ రిటైర్డ్ పోలీస్ అధికారి కూతురు. ఆమెను పెళ్లి చేసుకోవాల్సిన హీరో ప్రభుత్వ ఇంటెలిజెన్స్ ఏజెంట్. అతను రెండు వారాలు సెలవు పెట్టి వేటకు దిగుతాడు.

హంతకుడు తొందరగానే దొరుకుతాడు. అసలు కథ అక్కడ మొదలవుతుంది. హీరో వాణ్ని చంపడు, పోలీసులకూ అప్పగించడు. చావగొట్టి, వాడి గొంతులోకి ట్రాకర్ ఉన్న ఒక గుళిక దింపి వదిలేస్తాడు. వాడు మళ్లీ ఎక్కడ తేలినా వెళ్లి కొడతాడు, మళ్లీ వదిలేస్తాడు. తను ప్రేమించిన అమ్మాయి పడ్డ బాధను వాడితో వాయిదాల పద్ధతిలో కట్టించుకోవాలన్నది అతని లెక్క.

ఆ లెక్క తప్పుతుంది. ట్రాకర్ సంగతి తెలుసుకున్న హంతకుడు దాన్ని వదిలించుకుని నేరుగా అమ్మాయి పుట్టింటి మీద పడతాడు. ఆమె తండ్రి తీవ్రంగా గాయపడతాడు, చెల్లెలు ప్రాణాలు కోల్పోతుంది. చివరికి హంతకుడి తల్లిదండ్రులు, కొడుకు వచ్చి తలుపు తెరవగానే వాడు చచ్చేలా హీరో ఏర్పాటు చేస్తాడు. పగ తీరింది. కానీ హీరో రోడ్డు మీద ఏడ్చుకుంటూ నడుస్తుండగా సినిమా అయిపోతుంది.

నచ్చినోళ్లు ఏమంటారు?

మొదటి మాట విలన్ గురించే.  సుమోలు లేవు, వెనకాల వంద మంది అనుచరులు లేరు. మన వీధిలో రోజూ కనిపించే డ్రైవర్‌లా ఉంటాడు. ఆ మామూలుతనమే భయపెడుతుందంటారు ఫ్యాన్స్.

రెండోది, ఫ్లాష్‌బ్యాక్ లేకపోవడం. మన రివెంజ్ సినిమాలకు ఓ లెక్కుంది. హీరో ఎందుకిలా అయ్యాడో సెకండాఫ్‌లో చెప్తారు, విలన్‌కూ ఏదో ఓ కారణం ఉంటుంది. ఇక్కడ నేరం మొదటి పది నిమిషాల్లోనే జరిగిపోతుంది. విలన్ ఎందుకిలా తయారయ్యాడో చివరిదాకా చెప్పరు. "ఎవరు చేశారు" అన్న సస్పెన్స్ ఎప్పుడో అయిపోతుంది. "వీడితో హీరో ఇంకేం చేస్తాడు, చేసి తనేమైపోతాడు" అన్నదే కుర్చీ అంచున కూర్చోబెడుతుంది.

మూడోది ముగింపు. హీరో గెలిచాడని చప్పట్లు కొట్టలేం, ఓడాడని సరిపెట్టుకోలేం. సినిమా అయిపోయాక కూడా ఆ ఏడుపు వెంటాడుతుందన్నది వీళ్ల మాట.

నచ్చనోళ్లు ఏమంటారు?

ఎక్కువగా వినిపించే ప్రశ్న ఒకటే: దొరికినోణ్ని ఎందుకు వదిలేశాడు? మొదటిసారే పోలీసులకు అప్పగించి ఉంటే ఆ చెల్లెలు బతికేది కదా! హీరో పంతానికి అమాయకులు బలైపోతుంటే అతని వైపు ఎలా నిలబడాలన్నది వీళ్ల కోపం.

నిజానికి ఇది స్క్రిప్టులో లోపం కాదు, సినిమా కావాలని అడిగిన ప్రశ్నే. కానీ థ్రిల్ కోసం ఫోన్ పట్టుకున్న ప్రేక్షకుడికి అది లాజిక్ లేని పనిలా కనిపించడంలో తప్పేం లేదు.

ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది. సినిమాలో ఆడవాళ్ల మీద జరిగే హింసను కెమెరా చాలాసేపు, చాలా దగ్గరగా చూపిస్తుంది. ఇద్దరు మగాళ్ల పగ కథలో వాళ్లకు దక్కిన పాత్ర బలైపోవడమే. చనిపోయిన అమ్మాయి ఎలాంటి మనిషో మనకు తెలిసేది చాలా తక్కువ. హింస తప్పని చెప్పడానికి అంత హింస చూపించాలా అన్న ప్రశ్నకు సినిమా అభిమానుల దగ్గర కూడా సరైన జవాబు లేదు. నిడివి మీద ఫిర్యాదు కూడా మామూలే. పట్టుకోవడం, కొట్టడం, వదిలేయడం రెండు మూడుసార్లు తిరిగేసరికి కొందరికి విసుగొస్తుంది.

చిన్న ఊళ్ల దాకా ఎలా వచ్చింది?

కొరియన్ సినిమా మన పల్లెలకు, చిన్న పట్టణాలకు చేరింది థియేటర్ దారిలో కాదు, ఫోన్ దారిలో. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా చవకైంది. 2020 ఫిబ్రవరిలో 'పారాసైట్' ఉత్తమ చిత్రం సహా నాలుగు ఆస్కార్లు కొట్టింది. వెంటనే లాక్‌డౌన్ వచ్చి జనం ఇళ్లలో కూర్చున్నారు. 2021లో 'స్క్విడ్ గేమ్' రావడంతో కొరియన్ మొహాలు మనకు అలవాటైపోయాయి. నల్లగొండ జిల్లా దేవరకొండలో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా చేతిలో స్క్రీన్ ఒకటే.

తెరచాటుగా కొరియన్ కథలు అంతకుముందే మన దగ్గరికొచ్చాయి. హిందీలో 2006 నాటి 'జిందా'లో 'ఓల్డ్‌బాయ్' పోలికలు స్పష్టంగా కనిపిస్తాయి. 2016లో జాన్ అబ్రహాం చేసిన 'రాకీ హ్యాండ్సమ్'కు మూలం 'ద మ్యాన్ ఫ్రమ్ నోవేర్'. 2014 నాటి 'ఏక్ విలన్'ను 'ఐ సా ద డెవిల్'తో పోల్చి మాట్లాడుకున్నవాళ్లు చాలామందే, అయితే అది అధికారిక రీమేక్ కాదు. తెలుగులో సమంత 'ఓ బేబీ' (2019) 'మిస్ గ్రానీ'కి రీమేక్. రెజీనా, నివేదా థామస్ చేసిన 'శాకిని డాకిని' (2022) 'మిడ్‌నైట్ రన్నర్స్'కు రీమేక్.

గమనించారా? తెలుగులోకి అలా తెచ్చుకున్న ఈ రెండిట్లో ఒకటి కామెడీ, ఇంకోటి యాక్షన్ కామెడీ. 'ఐ సా ద డెవిల్' లాంటి పగ కథను ఉన్నదున్నట్టు మన దగ్గర తీయడం అంత తేలిక కాదు. హీరో చివర్లో ఏడుస్తూ వెళ్లిపోతే ఫ్యాన్స్ ఊరుకుంటారా?

మన పగ కథలు వేరా?

పగ మనకు కొత్త సరుకేం కాదు. 'ఆది', 'సమరసింహారెడ్డి' నుంచి 'ఈగ' దాకా పగ మీద నడిచిన బ్లాక్‌బస్టర్లు బోలెడు. వీటిలో ఎక్కువ శాతం పగ తీరగానే శుభం కార్డు పడుతుంది. ఆ లెక్కను ప్రశ్నించిన పెద్ద హీరో సినిమా 2018లో వచ్చిన 'అరవింద సమేత వీర రాఘవ'. తండ్రి హత్యకు పగ తీర్చుకునే రక్తపాతం సినిమా మొదట్లోనే అయిపోతుంది, ఆ తర్వాతి కథంతా దాన్ని ఆపడం గురించే. ప్రశ్న ఒకటే అయినా, కొరియన్ సినిమా దానికి పరిష్కారం చూపించలేదు.

మన భాషలోనే ఓ తమాషా ఉంది. అప్పు తీర్చుకుంటాం, దాహం తీర్చుకుంటాం, పగ కూడా 'తీర్చుకుంటాం'. అంటే పగ కూడా ఓ రోజు తీరిపోయే బాకీ అని మన నమ్మకం. ఆ నమ్మకం మీదే ఈ సినిమా దెబ్బ కొడుతుంది. అప్పు కడితే తగ్గుతుంది. ఇక్కడ కట్టించుకున్న కొద్దీ బాకీ పెరుగుతూ పోతుంది.

పోతన భాగవతం తెలిసిన పెద్దలకు ఇంకో ఘట్టం గుర్తుకు రావచ్చు. అశ్వత్థామ రాత్రివేళ ఉపపాండవుల్ని నిద్రలోనే చంపేస్తాడు. అర్జునుడు వాణ్ని కట్టి తెచ్చి ద్రౌపది ముందు నిలబెడతాడు. అయిదుగురు కొడుకుల్ని పోగొట్టుకున్న ఆ తల్లి వాణ్ని వదిలేయమంటుంది. తనలాగే వాడి తల్లి కూడా ఏడవకూడదని ఆమె బాధ. సినిమాలో హీరో సరిగ్గా దీనికి ఎదురు పని చేస్తాడు. వాడి తల్లి చేతే, కొడుకు చేతే తలుపు తెరిపిస్తాడు. ఆ క్షణంలో తప్పు చేయని ఓ పిల్లాడు జన్మంతా మోయాల్సిన బరువు నెత్తికెత్తుకుంటాడు. ముగింపు చూసి హీరోకు జై కొట్టలేకపోవడానికి అసలు కారణం ఇదే.

దేవరకొండ కోట వెనకా ఓ పగ

ఏడు కొండల నడుమ ఉన్న దేవరకొండ దుర్గం రేచర్ల పద్మనాయకులది. ఆ వంశం కథలో కూడా పగ ఉంది. 14వ శతాబ్దంలో, 1361 ప్రాంతంలో, జల్లిపల్లి కోట ముట్టడిలో ఉన్న సింగమనాయకుడు మోసంతో హత్యకు గురయ్యాడు. అతని కొడుకులు అనపోతానాయకుడు, మాదానాయకుడు ఆ కోట మీద పడి తండ్రి చావుకు ప్రతీకారం తీర్చుకున్నారు. శత్రువుల నెత్తుటితో తండ్రికి తర్పణం విడిచారని 'వెలుగోటివారి వంశావళి' చెబుతుంది. తర్వాత రాచకొండ అనపోతానాయకుడి ఏలుబడిలో, దేవరకొండ మాదానాయకుడి ఏలుబడిలో ఉన్నాయి.

వంశావళిలో అది వీరగాథ. పాడుకున్నోళ్లకు గర్వం. కానీ జల్లిపల్లిలో చచ్చినోళ్ల ఇళ్లల్లో ఆ కథను ఎలా చెప్పుకున్నారో ఎవరూ రాయలేదు. పగ కథ ఎప్పుడూ గెలిచినోళ్ల వైపు నుంచే వినిపిస్తుంది. కొరియన్ దర్శకుడు చేసిన తేడా అదే: గెలిచినోడి మొహం మీదే కెమెరా పెట్టి, అక్కడ సంతోషం ఎక్కడుందో వెతుక్కోమన్నాడు.

చర్చ సినిమాతో ఎందుకు ఆగదు?

"అలాంటోళ్లకు కోర్టులెందుకు, అక్కడికక్కడే ఇచ్చిపడేయాలి." ఈ సినిమా మీద చర్చ ఎక్కడ జరిగినా చివరికి ఈ మాట దగ్గరికి వస్తుంది. ఈ మాటను మనం సినిమాలో మాత్రమే వినలేదు.

2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఓ యువ వెటర్నరీ డాక్టర్‌పై అత్యాచారం, హత్య జరిగాయి. దేశమంతా ఉడికిపోయింది. డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లిలో నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, పది మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరగాలని కమిషన్ చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా తేల్చింది. ఆ తర్వాత వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు వెళ్లింది.

ఆ రోజు పూలు చల్లినోళ్ల కోపం అబద్ధం కాదు. ఆడపిల్ల ఇంటికి చేరేదాకా గుమ్మంలో నిలబడే ప్రతి తల్లిదండ్రుల భయం అందులో ఉంది. అయితే విచారణ జరిగి నేరం రుజువు కాకముందే శిక్ష పడిపోతే, తప్పు జరిగిందో లేదో తేల్చే దారి మూసుకుపోతుంది. సినిమాలో ఎవరు హంతకుడో మనకు ముందే చూపించేశారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు. బయట ఆ సౌకర్యం ఎవరికీ లేదు. సినిమాలోనూ చట్టాన్ని పక్కన పెట్టిన ప్రభుత్వ అధికారి ఇంకో ప్రాణాన్ని కాపాడలేకపోయాడు. చూసినోళ్లు తీసుకోవాల్సింది ఏదన్నా ఉంటే ఇదే.

చూడాలనుకుంటే ఈ జాగ్రత్తలు

* పిల్లలతో, ఇంట్లో అందరితో కలిసి చూసే సినిమా కాదు. రక్తం, లైంగిక హింస చాలా ఉన్నాయి. అలాంటి అనుభవం ఉన్నవాళ్లు, మనసు బాగోలేనివాళ్లు దూరంగా ఉండటమే మంచిది.
* ఫోన్ పిల్లల చేతికి వెళ్తుంటే ఓటీటీ యాప్‌లో పేరెంటల్ లాక్ పిన్ పెట్టుకోండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం 13 ఏళ్లు పైబడినవాళ్లకని గుర్తించిన కంటెంట్‌కు, అంతకుమించిన వాటికి ఓటీటీలు ఈ లాక్ ఇవ్వాల్సిందే.
* ఎవరో పంపిన డౌన్‌లోడ్ లింకుల జోలికి పోవద్దు. సినిమా కోసం పోతే ఫోన్‌లోని బ్యాంకు వివరాలకు ఎసరు రావచ్చు.
* సగంలో ఆపేయాలనిపిస్తే ఆపేయండి. ధైర్యం లేక కాదు, ఈ సినిమా అందరికీ కాదు, అంతే.

ఇవి కూడా చూడొచ్చు

పగ కథే కావాలి, ఇంత నెత్తురు వద్దు అనుకుంటే ఇదే దర్శకుడు, ఇదే హీరో కలిసి చేసిన 'ఎ బిట్టర్‌స్వీట్ లైఫ్' (2005) ఉంది. యాక్షన్ ఎక్కువ కావాలంటే 'ద మ్యాన్ ఫ్రమ్ నోవేర్' (2010). పగ మీదే పార్క్ చాన్-వుక్ తీసిన మూడు సినిమాలు వరుసగా చూడాలంటే 'సింపతీ ఫర్ మిస్టర్ వెంజెన్స్' (2002), 'ఓల్డ్‌బాయ్' (2003), 'లేడీ వెంజెన్స్' (2005). వీటిలో 'ఓల్డ్‌బాయ్' 2004 కాన్స్ ఉత్సవంలో రెండో అతిపెద్ద బహుమతి గ్రాండ్ ప్రీ అందుకుంది. దాని ట్విస్ట్ మాత్రం ముందే ఎవరినీ అడగొద్దు, చూసినోళ్లు మీకు చెప్పొద్దు!