రేడియో గది గడియారం: అసలును గుర్తించడం ఎలా?

పాత ఓడల గడియారాలు సేకరించేవారికి తరచుగా ఎదురయ్యేది, తరచుగా పొరపాటు పడేదీ రేడియో గది గడియారం. డయల్ మీద అంకెలూ ముళ్ళూ మామూలువే. వాటి వెనుక నిమిషాల ముల్లు 15 దగ్గరా 45 దగ్గరా రెండు ఎర్రని చీలికలు, గంటకూ అరగంటకూ రెండు ఆకుపచ్చ చీలికలు ఉంటాయి. ఒక్కొక్కటీ మూడు నిమిషాల వెడల్పు. అలంకారమని భ్రమపడి కొనేవారున్నారు. నిజానికవి మౌన సమయాలు. ముల్లు ఎరుపులోకి రాగానే నౌకల రేడియో ఉద్యోగులందరూ 500 కిలోహెర్ట్జ్ మీద సందేశాలు పంపడం ఆపి వినాలి. ఎక్కడో మునిగిపోతున్న ఓడ నీరసంగా పంపే పిలుపు తక్కిన రొదలో కలిసిపోకూడదు. ఆకుపచ్చ రంగు 2182 కిలోహెర్ట్జ్ మీద సాగే మాటల రేడియోకు. స్టెతస్కోపు పెట్టగానే గదిలో మాటలు ఆపమని అడిగే వృత్తి నాది. ఈ మూడు నిమిషాల అవసరం నాకెవరూ వివరించనక్కరలేకపోయింది.

1912 ఏప్రిల్ 14 రాత్రి ఇటువంటి నియమమేదీ లేదు. కాలిఫోర్నియన్ అనే ఓడ తన చుట్టూ మంచు ఉన్నదని టైటానిక్‌కు చెప్పబోతే, ప్రయాణికుల తంతులు పంపే తొందరలో ఉన్న టైటానిక్ ఉద్యోగి అడ్డుతగలవద్దని కసిరాడు. కాలిఫోర్నియన్‌లో ఉన్నది ఒక్కడే రేడియో ఉద్యోగి. అతడు యంత్రం ఆపి నిద్రకు ఉపక్రమించిన కొద్ది నిమిషాలకే టైటానిక్ మంచుకొండను ఢీకొన్నది. సముద్ర భద్రతపై 1914లో లండన్‌లో కుదిరిన తొలి ఒప్పందం మొదలుకొని క్రమంగా పెరిగిన నియమావళిలో భాగం ఈ రంగులు. కనుక టైటానిక్ పేరూ 1912 సంవత్సరమూ చెక్కి, ఈ చీలికలు కూడా దిద్దిన ఇత్తడి గడియారం కనబడితే, మూత విప్పి చూడనవసరం లేదు. రూర్కీలో ఇత్తడి నౌకా పరికరాల నమూనాలు చక్కగా చేస్తారు. ఆ పనితనాన్ని తప్పుపట్టను, దానికి తగిలించే పాత తేదీతోనే నా పేచీ.

ఆకుపచ్చ మరొక ఆధారం. 2182ను ఆపద పిలుపులకు నిర్ణయించినది 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన రేడియో సమావేశం. రెండవ ప్రపంచయుద్ధకాలపు గడియారమని చెబుతూ ఆకుపచ్చ చూపిస్తే, డయల్ తర్వాత మార్చినదో, కథే కల్పితమో అయివుండాలి. కొన్ని డయళ్ళ అంచున చుట్టూ నాలుగేసి సెకన్ల ఎర్రగీతలుంటాయి. నిద్రిస్తున్న ఉద్యోగిని లేపే స్వయంచాలక యంత్రాన్ని మేల్కొలపడానికి నాలుగు సెకన్ల గీతలు పన్నెండు, నడుమ సెకను విరామంతో, సరిగ్గా నిమిషంపాటు పంపేవారు. చేత్తో పంపేవాడికి ఆ అంచే కొలబద్ద. సెకన్ల ముల్లు లేని గడియారం మీద ఈ గీతలుంటే అనుమానించవలసిందే.

ఇక లోపలి సంగతి. ఊగే ఓడలో లోలకం పనిచేయదు, బ్యాలెన్స్ చక్రం కావాలి. పాతకాలపుదని చెప్పి అమ్మేదానిలో బ్యాటరీ యంత్రం కనబడితే అనుమానించవలసిందే. నౌకాగంటలు కొట్టే రకమైతే నాలుగింటికి ఎనిమిది కొట్టాలి. నాలుగే కొట్టేది ఇంటి గడియారం. 1897లో మసాచుసెట్స్‌లో మొదలైన చెల్సీ సంస్థ తయారీ అయితే యంత్రం మీది వరుససంఖ్య చూడండి. ఆ సంస్థ పాత ఖాతాపుస్తకాలను బట్టి అది ఎప్పుడు, ఎవరికి అమ్ముడైందో ధ్రువపత్రమిస్తుంది. నౌకాదళానికో ఓడల సంస్థకో వెళ్ళినట్లు తేలితే ధర పెరుగుతుంది.

ధరను తగ్గించేది ముసలితనం కాదు, దాన్ని దాచే ప్రయత్నం. కొత్తగా అచ్చువేసిన డయల్ కన్నా వెలిసిన ఎరుపుకే నేను ఎక్కువ ఇస్తాను. ఉపగ్రహాల మీద ఆధారపడిన ఆపద్వ్యవస్థ 1999 ఫిబ్రవరి 1న పూర్తిగా అమలులోకి వచ్చాక ఓడలకు ఈ గడియారాలతో పనిలేకపోయింది. అలా వచ్చినదాని అంచుకు, ఓడ గోడకు బిగించిన మరల రంధ్రాలుంటాయి. వాటి చుట్టూ పాత రంగు పొరలు కూడా మిగిలివుండవచ్చు. మెరుగుపెట్టించే ముందు వాటిని ఫొటో తీసుకోండి. నన్నడిగితే, మెరుగే పెట్టించకండి.